కొమ్ము కోసం పర్లాకిమిడి

టెక్కలి దాటాక గుణుపురం బండి కాస్త ఖాళీ అయింది. దుప్పటిలో చుట్టిన సామాను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నన్ను ఎదురు సీట్లో ముసలమ్మ చాలాసేపట్నుంచి గమనిస్తోంది. ఆఖరికి ఉండబట్టలేక అడిగేసింది.

"అదేటి బాబూ, బాలింతరాలు పిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నావు?"

"గిటారమ్మా. ఇంకా తీగలు కట్టలేదు. నేనే చేస్తున్నాను."

"వడ్రంగం పనా నీది?"

"కాదమ్మా, పోస్టాఫీసులో. ఇది సరదాకి."

దుప్పటి మడత తీసి చూపించాను. ఆవిడ వెనకపలక మీద వేళ్లతో రెండుసార్లు తట్టింది. "పనస కదా?" అంది. ఇన్నాళ్లలో ఈ గిటారు చూసినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ, అడక్కుండా కర్ర పేరు చెప్పిన మొదటి మనిషి ఆవిడే.

పనసే. అమ్మమ్మగారి పెంకుటిల్లు పడగొట్టినప్పుడు మావయ్య పొయ్యిలోకి పంపబోయిన దూలం. కోయిస్తే లోపల పసుపు ఇంకా చావలేదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చేసేది ఈ కర్రతోనే. ఒకే మొద్దులోంచి కుండా దండీ తొలిచి తీస్తారు. కాబట్టి పనస పలుకుతుందా అని మన వైపు ఎవరూ అడగక్కర్లేదు. గిటారుకి మాత్రం తొలవడం ఉండదు. రెండు మిల్లీమీటర్ల పలకగా చిత్రిక పట్టి, తడిపి, వేడి గొట్టం మీద ఆనించి వంచాలి. వంపు లోపలికి తిరిగే నడుము దగ్గర నావి మూడు పలకలు విరిగాకే ఒక జత కుదిరింది.

ఇది నా మూడో గిటారు. మొదటిదాని మెడ వంగిపోయింది. రెండోదానికి పైపలక కింద అడ్డబద్దలు ఆగస్టులో అతికించాను. విశాఖ వానాకాలంలో కర్ర గాలిలో తేమ తాగి ఉబ్బి ఉంటుంది. అప్పుడు బద్దలు అతికిస్తే, చలికాలం పొడిగాలికి పలక కుంచించుకోబోతుంది, బద్దలేమో కదలనివ్వవు. జనవరిలో ఓ అర్ధరాత్రి ఫట్‌మని చప్పుడుకి లేచి చూస్తే నడుమ ఉండే గుండ్రటి కన్నం, సౌండ్‌హోల్, దాని కింద నుంచి తీగల కొసలు కట్టే బ్రిడ్జ్ దాకా చీలిక. ఆ రాత్రి మళ్లీ నిద్రపట్టలేదు. అప్పట్నుంచి ఆ పని చలికాలంలోనే చేస్తున్నాను, అదీ ఏసీ గదిలో తేమ కొలిచే హైగ్రోమీటరు 50 శాతానికి దిగాక.

పైపలక మాత్రం స్ప్రూస్. అది చలిదేశాల కర్ర, కొనక తప్పలేదు. గిటారు గొంతు ఉండేది ఆ పలకలోనే. ఆంటోనియో డి టోరెస్ అనే స్పెయిన్ పనివాడు 1862లో పక్కలూ వెనకా కాగితపు అట్టతో చేసి, పైపలక ఒక్కటే మంచి కర్రతో పెట్టి ఆ సంగతి రుజువు చేశాడు. మూడు మిల్లీమీటర్లు కూడా లేని నా పైపలక మీద ఆరు ఉక్కుతీగలు కలిసి 70 కిలోల పైచిలుకు బరువుతో లాగుతుంటాయి. తీగకీ పలకకీ మధ్య తగిలేది సన్నటి ముక్క, శాడిల్. వీణకి గుర్రం చేసే పని ఇక్కడ అది చేస్తుంది. మెడ చివర తీగలు ఆనే ముక్క నట్. రెండూ కలిపినా బరువు పది గ్రాములుండవు. కానీ తీగ చెప్పే ప్రతి మాటా వాటి మీదుగానే పోవాలి.

వీటిని సాధారణంగా పశువు ఎముకతో చేస్తారు. దూలం మా ఊరిది కాబట్టి ఈ ముక్కలు కూడా మా వైపువే కావాలని నాకు పట్టుదల. మా వైపు అంటే పర్లాకిమిడి కొమ్ముపని. చిన్నప్పుడు అమ్మమ్మ దువ్వెన అక్కడిదే, నల్లగా, దీపం ముందు పెడితే అంచులు తేనెరంగులో వెలిగేవి. ఆ కొమ్ముతో నట్, శాడిల్ చెక్కించుకోవాలనే ఈ ప్రయాణం.

ఈ రైలుదారి 1900లో వేసింది. నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా రాజుగారు వేయించిన చిన్న పట్టాల లైను, 1931లో గుణుపురం దాకా సాగింది. ఇప్పుడు పెద్ద పట్టాలు. పాతపట్నంలో ముసలమ్మ దిగిపోతూ, "జాగర్త బాబూ, తడి తగలనీకు" అంది. తర్వాతి స్టేషనే పర్లాకిమిడి. మధ్యలో రాష్ట్రం మారింది గానీ కిటికీ బయట వరిమడులు మారలేదు.

బజార్లో బోర్డులు ఒడియాలో ఉంటాయి. బేరం తెలుగులో సాగుతుంది, చిల్లర లెక్క మాత్రం ఒడియాలో పెట్టుకుంటారు. ఇడ్లీ మీద బఠాణీ కూర పోసి ఇచ్చారు. నాకది ఎప్పుడూ ఇష్టమే.

కొమ్ముపని చేసే పెద్దాయన ఇల్లు అడుగుతూ వెళ్లాను. వీధరుగు మీద చిన్న బల్ల, దానికి బిగించిన వైసు, ఆకురాళ్లు, రంపాలు. గోడవారగా పూర్తికాని కొంగలు, రొయ్యలు, నెమళ్లు. ఆయనకి డెబ్బై దాటి ఉంటాయి. కొడుకు సూరత్‌లో ఉన్నాడట. కోడలు టీ తెచ్చింది. గాలిలో వెంట్రుక కాలిన వాసన సన్నగా ఉంది. కొమ్మూ వెంట్రుకా గోరూ ఒకే జాతి పదార్థం, కెరటిన్. కాలితే ఒకే వాసన.

నేను సంగతి చెప్పకముందే ఆయన గిటారు అందుకుని చూడ్డం మొదలెట్టాడు. అతుకుల మీద బొటనవేలు నడిపించాడు. మెడ మీద మెట్లుండే పలక, ఫ్రెట్‌బోర్డు దగ్గర ఆగాడు.

"ఈ మెట్లు పోనుపోనూ దగ్గరైపోతన్నాయేటండి?"

లెక్క చెప్పాను. తీగ మొత్తం పొడవు 645 మిల్లీమీటర్లు. దాన్ని 17.817తో భాగిస్తే 36.2 వస్తుంది, మొదటి మెట్టు అక్కడ. మిగిలిన పొడవుని మళ్లీ అదే అంకెతో భాగిస్తే రెండోది. అలా వెళ్తే పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో పడుతుంది.

ఆయన అంకెలు పట్టించుకున్నట్టు లేదు. ఒక దారం తీసి, నట్ ఉండాల్సిన చోటు నుంచి శాడిల్ గాడి దాకా పట్టి తుంచాడు. మధ్యకి మడిచి మళ్లీ ఆనించాడు. పన్నెండో మెట్టు దగ్గర వంగి చూశాడు.

"అర నూలు తప్పింది బాబూ."

నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. నాకు ఒళ్లు ఝల్లుమంది. ఆ అర నూలు నేను కావాలని పెట్టిందే. వేలితో నొక్కినప్పుడు తీగ సాగి శ్రుతి కాస్త పైకి పోతుంది. దాన్ని సరిపెట్టడానికి శాడిల్‌ని లెక్కకంటే రెండున్నర మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరుపుతారు. సగానికి మడిస్తే ఆ తేడా అర నూలే. గిటారు ఎన్నడూ ముట్టుకోని మనిషి దారంతో దాన్ని పట్టేశాడు. నేను ఆ కారణం చెబితే, తల ఊపి, "అయితే సరిపోయింది" అన్నాడు.

అప్పుడు అడిగాను, నట్‌కీ శాడిల్‌కీ కొమ్ము కావాలని. పోల్చి చూసుకోవడానికని సంచిలో ఎముక ముక్క కూడా తెచ్చానని చెప్పాను. "ఏదీ, ఇలాగివ్వండి" అన్నాడు. అదే కొలతకి కొమ్ముముక్క ఒకటి కోసి, రెండింటినీ గుమ్మం ముందున్న నల్లరాతి మీద జానెడెత్తు నుంచి ఒకదాని తర్వాత ఒకటి వదిలాడు. ఎముక టింగుమంది. కొమ్ము టక్కుమంది. మళ్లీ వదిలాడు. మళ్లీ అంతే.

"ఇన్నారా? తీగ కింద కొమ్మెయ్యకండి. మెత్తనిది. సౌండు మింగేత్తాది. ఆర్నెల్లలో తీగ దిగబడిపోతాది కూడాను. ఎముకే ఎయ్యండి."

కొమ్ము అమ్ముకుని బతికే మనిషి ఆ మాట అంటాడని నేను అనుకోలేదు. ఆయన చెప్పింది నిజమేనని నాకూ తెలుసు. ఎముక నీళ్లకంటే దాదాపు రెండింతలు బరువు, కొమ్ము ఒకటింబావు రెట్లకి కాస్త ఎక్కువ. గట్టిదనంలోనూ తేడా ఉంది. చదివి తెలిసిన సంగతినే అమ్మమ్మ దువ్వెన మీద మమకారంతో పక్కకి నెట్టేశాను. రాతి మీద ఆ రెండు చప్పుళ్లు విన్నాక ఇంక నెట్టడం కుదరలేదు. అయినా ముఖం చిన్నబోయినట్టుంది, ఆయన గిటారు అంచు మీద వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడెయ్యండి. దెబ్బ కాయడానికే కదా అది పుట్టింది."

పైపలకా పక్కపలకా కలిసే అంచుకి సన్నటి బద్ద చుట్టూ పొదుగుతారు, బైండింగ్ అంటారు. అంచున తెరుచుకుని ఉన్న కర్ర కొసల్లోంచి తేమ లోపలికి పోకుండా మూస్తుంది, ఎక్కడైనా తగిలితే దెబ్బ తను తీసుకుంటుంది. నేను అక్కడ ప్లాస్టిక్ వేద్దామనుకున్నాను. ఆయన మాటతో అది మానేశాను. తీగల కొసల్ని బ్రిడ్జ్‌లో బిగించే పిన్నులు కూడా కొమ్ముతోనే చేద్దామన్నాడు. కొన గట్టిగా, లోపల డొల్ల లేకుండా ఉంటుంది కాబట్టి పిన్నులకి కొన, బద్దలకి మొదలు.

ఆ సాయంత్రం మహేంద్రతనయ ఒడ్డున నడిచాను. ఈ ఊళ్లోనే గిడుగు రామమూర్తి బడిపంతులుగా ఉండి సవరల మాట నేర్చుకున్నారు. లిపి లేని భాషని వింటూ, విన్నది రాసుకుంటూ, దానికి వ్యాకరణం కట్టారు. 1936లో ఊరు ఒరిస్సాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. వాడుక భాష ఉద్యమం గురించి ఎప్పుడూ చెప్పుకుంటాం. నన్ను ఆరోజు పట్టుకున్నది ఆయన చెవి. ఒక పలుకు గొంతులో ఎక్కడ ఆగుతోందో పట్టుకోవాలంటే ఎన్నిసార్లు వినాలి! పెద్దాయన రాతి మీద ముక్కల్ని రెండోసారి ఎందుకు వదిలాడో అక్కడ నడుస్తుంటే అర్థమైంది.

రెండోరోజంతా బద్దల పని. కొమ్ము మొదలు భాగాన్ని పొడవునా చీల్చి, కొబ్బరినూనె రాసి, బొగ్గుల సెగ మీద తిప్పుతూ ఉంటే ఒక దశలో తోలులా మెత్తబడుతుంది. అప్పుడు రెండు చెక్కల మధ్య పెట్టి వైసులో బిగిస్తే, చల్లారాక చదునుగా నిలబడిపోతుంది. తర్వాత రంపంతో బద్దలు, ఆకురాయితో నునుపు. ఒక్కో బద్ద అడుగు పొడవుకి మించి రాదు. నా గిటారు చుట్టుకొలత మీటరున్నర, పైనా కిందా కలిపి మూడు మీటర్లు. పన్నెండు బద్దలు కావాలి, కొసలు ఏటవాలుగా కోసి అతకాలి.

ఒకటి నన్ను వంచమన్నాడు. సెగ మీద పట్టుకున్నాను, మెత్తబడినట్టే అనిపించింది, నడుము వంపుకి నొక్కాను. లోపల తెల్లటి గీత పడింది. పొరలు విడిపోయాయి.

"పైన ఏడెక్కింది, లోన ఎక్కలేదు" అన్నాడు. "మీరు నొక్కకండి. ఏలు ఆనించి ఊరుకోండి. అదే ఒంగుతాది, అప్పుడు ఎనకాలే ఎల్లండి."

ఇంకోటి ఇచ్చాడు. ఈసారి వేలు ఆనించి కూర్చున్నాను. నిమిషం గడిచింది. ఏమీ లేదు. ఇంకా కాసేపటికి వేలికింద అది నెమ్మదిగా, నీళ్లలో తాడు జారినట్టు, తనంతట తనే దిగింది. ఇంట్లో విరిగిన మూడు పనస పలకలూ గుర్తొచ్చాయి. గొట్టం వేడిగానే ఉండేది. కర్ర నడిమికి వేడి చేరేదాకా నా చేతులు ఆగలేదు, అంతే. ఏ పుస్తకంలో చదివినా 'నెమ్మదిగా వంచండి' అని రాసి ఉంటుంది. ఆ నెమ్మది ఎంతో ఆ రోజు వేలికి తెలిసింది.

ఆయన అడిగిన డబ్బు ఇచ్చి, పైన కొంత పెట్టబోతే తీసుకోలేదు. పాత గుడ్డలో పన్నెండు బద్దలూ ఆరు పిన్నులూ చుట్టి ఇచ్చాడు. విరిగిన బద్ద కూడా ఉంచుకుంటానని నేనే అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడది నా బల్ల ముందు గోడకి మేకు మీద వేలాడుతోంది.

ఫిబ్రవరి ఆఖర్లో తీగలు కట్టాను. నట్, శాడిల్ ఎముకవి. అంచు చుట్టూ కొమ్ము, నల్లగా, ఎండ తగిలినచోట తేనెరంగు. మొదటివారం గొంతు బిగుసుకున్నట్టు పలికింది. పైపలక కొత్త బరువుకి అలవాటుపడాలి కదా. తర్వాత మెల్లగా విచ్చుకుంది. పనస పక్కల వల్లనేనని చెప్పలేను గానీ, మంద్రంలో ఒక నిండుదనం ఉంది.

పెద్దాయన కోడలి ఫోనుకి వీడియో కాల్ చేశాను. బల్ల మీద ఫోను నిలబెట్టి, మోహన రాగం మెట్టుమెట్టుగా ఎక్కి దిగి వినిపించాను. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. "బావుంది బాబూ" అన్నాడు. ఆ వెంటనే కళ్లు తెరిచి ఫోను దగ్గరికి లాక్కున్నాడు.

"ఏదీ, ఆ నడుం కాడ అతుకు ఓపాలి సూపించండి."

దగ్గరగా పెట్టాను.

"అలాక్కాదు. ఎలుతురు వైపు తిప్పండి."

తిప్పాను.