నెప్ట్యూన్ అంత నీలం కాదు

నెప్ట్యూన్ బొమ్మ వేయమంటే హైదరాబాద్‌లో ఏ బడి పిల్లాడైనా ముదురు నీలం క్రేయానే అందుకుంటాడు. ఆ నీలం 1989లో నాసా నౌక వాయేజర్ 2 తీసిన ఫొటోలది. మబ్బుల చారలు తేలడానికి అప్పట్లో కాంట్రాస్ట్ పెంచారు, ఆ సంగతి ఫొటో కింద రాశారు కూడా. పోనుపోను ఆ రాత ఊడిపోయింది, నీలం మిగిలింది. 2024లో ఆక్స్‌ఫర్డ్ శాస్త్రవేత్త పాట్రిక్ ఇర్విన్ బృందం ఆ ఫొటోల రంగు సరిచేస్తే, యురేనస్, నెప్ట్యూన్ రెండూ దాదాపు ఒకేలా, ఆకుపచ్చ కలిసిన లేత నీలంలో తేలాయి. రెండింటిలోనూ ఎరుపు వెలుగును మీథేన్ మింగేస్తుంది. నెప్ట్యూన్ మీది మసక పొర పలచన, అందుకే దాని నీలం ఒక్క పిసరు ఎక్కువ.

శుక్రుడికి జరిగింది ఇంకా అన్యాయం. నాసా నౌక మెజెల్లాన్ పంపినవి రాడార్ బొమ్మలు, వాటికి అసలు రంగే ఉండదు. 1982లో సోవియట్ నౌకలు వెనెరా 13, 14 అక్కడి నేల మీద తీసిన ఫొటోలను బట్టి నారింజ అద్దారు. కంటికి కనిపించే శుక్రుడిది మీగడ రంగు.

మన డాబా మీంచి కెమెరాతో అసలు రంగు పట్టాలంటే చంద్రుడితో మొదలుపెట్టండి. సిటీ లైట్లు ఇక్కడ పెద్ద అడ్డు కావు. అడ్డల్లా తక్కువ ఎత్తే: దిగంతం దగ్గర గాలి, దుమ్ము నీలాన్ని చెదరగొట్టేసి అన్నిటినీ పసుపుగా, ఎర్రగా మార్చేస్తాయి. గ్రహమైతే ఒక అంచున ఎరుపు, ఎదుటి అంచున నీలం కూడా విడిపోతాయి. కనీసం 40 డిగ్రీలు పైకొచ్చేదాకా ఆగండి. మార్గశిర, పుష్య పౌర్ణములకు అర్ధరాత్రి చంద్రుడు మనకు నడినెత్తికి దగ్గర్లో ఉంటాడు, అంతకన్నా మంచి అదను లేదు.

పౌర్ణమి చంద్రుడికి కెమెరా సెట్టింగులు: ఐఎస్ఓ 100, ఎఫ్/8, సెకనులో 200వ వంతు, రా ఫార్మాట్ (కెమెరా దిద్దని ఫైలు). వైట్ బ్యాలెన్స్ (ఏ వెలుగులో తీస్తున్నామో కెమెరాకు చెప్పే సెట్టింగ్) ఆటో వద్దు, డేలైట్‌లో పెట్టండి, ఎందుకంటే చంద్రుడి మీద పడేది ఎండే. ఆటో అయితే ఉన్న కాస్త గోధుమ ఛాయనూ తప్పనుకుని తుడిచేస్తుంది. అంగారకుడికి ఎక్స్‌పోజర్ ఎక్కువైతే ఎరుపు ఛానెల్ ముందు నిండిపోతుంది, గ్రహం పసుపుకు తిరుగుతుంది. హిస్టోగ్రామ్ (వెలుగు ఎంత పడిందో కెమెరా చూపే గ్రాఫ్) నాలుగింట మూడు వంతులు దాటనివ్వకండి.

సరిగ్గా వస్తే చంద్రుడు అరిగిన తారు రోడ్డులా ఉంటాడు. నిరాశపడకండి, నిజం అదే. ఎడిటింగ్‌లో సాచురేషన్ (రంగుల గాఢత) పదేసి చొప్పున పెంచితే టైటానియం ఎక్కువున్న ప్రశాంత సాగరం నీలిగా విడిపడుతుంది. చాలా అందంగా ఉంటుంది. పెంచిన సంగతి మాత్రం ఫొటో మూలనే రాయండి. కింద విడిగా రాసింది వాట్సాప్‌లో రెండో ఫార్వర్డ్‌కే పోతుంది.