పాత వాల్వు యాంప్ బాగుచేయాలంటే డబ్బు ముందు ఎక్కడ పెట్టాలి

బెంగళూరు చిక్‌పేట ఆదివారం చోర్‌బజార్‌లోనో, మూసేస్తున్న రేడియో రిపేరు కొట్లోనో గిటార్‌కి పనికొచ్చే వాల్వు యాంప్ (గాజు వాల్వులతో నడిచే యాంప్లిఫయర్) కనబడితే, ధర అడిగేముందు వాల్వుల మీద పేర్లు చదవండి. యూఎల్84, యూవై85 లాగా ‘యూ’తో మొదలైతే వదిలేయండి. అలాంటి సెట్లలో సాధారణంగా మెయిన్స్‌ని విడదీసే ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు, ఛాసిస్ (లోహపు చట్రం) నేరుగా కరెంటు లైనుకే కలిసి ఉంటుంది. ప్లగ్గు తిరగేసి పెడితే గిటార్ తీగల్లోకి 230 వోల్టులు వచ్చేస్తాయి. ఈసీసీ83 (గిటార్ సిగ్నల్‌ని మొదట పెంచేది), ఈఎల్84 (స్పీకర్‌ని నడిపే పవర్ వాల్వు), ఈజెడ్80 (ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్) ఉంటే బేరమాడొచ్చు. పవర్ వాల్వుకీ స్పీకర్‌కీ మధ్య ఉండే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ చుట్టు మల్టీమీటర్‌లో కొన్ని వందల ఓములు చూపించాలి. అది తెగిపోయి ఉంటే ఎంత తక్కువకిచ్చినా చవక కాదు.

ఇంటికి తెచ్చి నేరుగా ప్లగ్గులో పెట్టొద్దు. ముందు రెండు తీగల వైరు తీసేసి మూడు తీగలది వేయండి. ఎర్త్‌ని ఛాసిస్‌కి బోల్టుతో బిగించాలి, ఫ్యూజు ఫేజ్ మీదే ఉండాలి. స్పీకరు తగిలించి, 60 వాట్ల ఫిలమెంట్ బల్బు సీరీస్‌లో పెట్టి ఆన్ చేయండి (ఎల్‌ఈడీ బల్బు ఇక్కడ పనికిరాదు). బల్బు వెలిగి మసకబారితే సరే, అలాగే వెలుగుతుంటే ఎక్కడో షార్టు ఉంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి 240 ట్యాప్ ఉంటే దానికే మార్చండి. బల్బు లేకుండా కొలిస్తే, వాల్వుని వేడిచేసే హీటర్ దగ్గర 6.3 వోల్టులు రావాలి. 6.9 దాటితే వాల్వు ఆయుష్షు తగ్గిపోతుంది.

డబ్బు ముందు కెపాసిటర్ల మీద పెట్టాలి. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ విడిభాగాల బజారు ఎస్‌పీ రోడ్డులో అవన్నీ కొన్నా కొత్త ఈఎల్84 ఒక్కదాని ధర కావు. ఆఫ్ చేశాక కూడా పాత ఫిల్టర్ కెపాసిటర్లో (డీసీని నునుపు చేసేది) 300 వోల్టులు మిగిలి ఉండొచ్చు. 10 కిలో ఓముల 5 వాట్ల రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మీటరుతో కొలిచాకే చెయ్యి పెట్టండి. కొత్తవి 450 వోల్టులవి తీసుకోండి. హమ్ (గుయ్‌మనే శబ్దం) పోతుందని ఈజెడ్80 తర్వాత మొదటి కెపాసిటర్ 50 మైక్రోఫారడ్లు మించి వేస్తే, ఆన్ చేసిన ప్రతిసారీ ఆ దెబ్బ రెక్టిఫయరే తింటుంది.

అసలు దొంగ కప్లింగ్ కెపాసిటర్, అంటే ఒక స్టేజి నుంచి తర్వాతి స్టేజికి సిగ్నల్‌ని మాత్రమే పంపాల్సింది. పాత మైనం కాగితపు రకం డీసీని లీక్ చేసి ఈఎల్84 గ్రిడ్ (వాల్వులో కరెంటుని అదుపుచేసేది) మీదికి పంపుతుంది. కరెంటు పెరిగి, వాల్వు లోపలి ప్లేటు ఎర్రబడేది అందుకే. ఈఎల్84 సాకెట్‌ని అడుగు నుంచి చూస్తూ, పిన్నుల మధ్య ఖాళీ దగ్గర్నుంచి గడియారం తిరిగే వైపు లెక్కపెట్టి రెండో పిన్ను (గ్రిడ్) కొలవండి. సున్నా ఉండాలి. ఒకటి రెండు వోల్టులు కనబడితే ఆఫ్ చేసి, వాల్వు ఊడదీసి, కొద్దిసేపే ఆన్ చేసి మళ్లీ కొలవండి. వోల్టేజి అలాగే ఉంటే తప్పు కెపాసిటర్‌ది, పోతే వాల్వుదే. బదులుగా 0.022 మైక్రోఫారడ్, 630 వోల్టుల ఫిల్మ్ రకం వేస్తే చాలు. ‘ఆడియో గ్రేడ్’ పేరుతో పదింతల ధర పెట్టక్కర్లేదు. వాల్యూమ్ పాట్ ఎంత క్లీనర్ కొట్టినా గరగరలాడుతుంటే, దాని ముందున్న కెపాసిటర్ కూడా లీకవుతోందేమో చూడండి.

ఆ తర్వాత బయాస్, అంటే సిగ్నల్ లేనప్పుడు ఈఎల్84లో పారే కరెంటు. మూడో పిన్ను (కాథోడ్) దగ్గర 7.3 వోల్టులు, కాథోడ్ రెసిస్టర్ 135 ఓములు అనుకుంటే 54 మిల్లీయాంపులు. స్క్రీన్‌కి (రెండో గ్రిడ్) సుమారు 5 తీసేస్తే 49. ప్లేటుకీ కాథోడ్‌కీ మధ్య 240 వోల్టులుంటే 11.8 వాట్లు. ఈఎల్84 హద్దు 12. దాటితే 150 లేదా 180 ఓములు వేయండి.

వాల్వులు చివర్న. బెంగళూరు జాలహళ్లిలోని బీఈఎల్ (ప్రభుత్వ రంగ భారత్ ఎలక్ట్రానిక్స్) ఒకప్పుడు చేసినవి పాత స్టాకులో దొరికితే తీసుకోండి, కానీ ఈసీసీ83ని యాంప్ నడుస్తుండగా పెన్సిలుతో తట్టి చూడండి. స్పీకర్లో గంట కొట్టినట్టు మోగితే అది మొదటి స్టేజికి పనికిరాదు, రెండో స్టేజిలో వాడుకోండి.