కొలనోస్కోపీ సగంలో ఆగినప్పుడు క్యాప్సూల్ ఎవరికి పనికొస్తుంది

కొలనోస్కోపీ అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి పెద్దపేగును చూసే పరీక్ష. దాని రిపోర్టులో పరీక్ష అసంపూర్తి అని రాసి ఉంటే, ఇంట్లోవాళ్లం ముందుగా అడిగేది క్యాన్సరేమీ లేదు కదా అని. అంతకంటే ముందు తెలుసుకోవలసినవి రెండు ఉన్నాయి: గొట్టం ఎక్కడిదాకా వెళ్లింది, అక్కడే ఎందుకు ఆగింది. ఆ తర్వాత ఏ పరీక్షకు వెళ్లాలన్నది, కెమెరా ఉన్న మాత్ర (క్యాప్సూల్) మింగడం పనికొస్తుందా అన్నది ఈ రెండింటి మీదే ఆధారపడి ఉంటుంది.

పెద్దపేగు పొడవు సుమారు ఒకటిన్నర మీటర్లు. గొట్టం మలద్వారం నుంచి బయల్దేరి, ఎడమవైపు పైకెక్కి, పొట్టను అడ్డంగా దాటి, కుడివైపు కిందికి దిగి, పేగు మొదలయ్యే సీకం దాకా చేరితేనే పరీక్ష పూర్తయినట్టు లెక్క. పేగు మరీ పొడవుగా ఉండి మెలికలు పడినా, పాత ఆపరేషన్ల వల్ల ఒకదానికొకటి అంటుకుపోయినా, సరిగా శుభ్రపడకపోయినా, లోపల గడ్డ అడ్డుపడినా మధ్యలోనే ఆగిపోతుంది. మా అత్తయ్యకు కాలేయం దగ్గరి మలుపు వద్ద ఆగింది. చాలా ఏళ్ల క్రితం గర్భసంచి తీసేసినప్పటి అతుకులే కారణమన్నారు. మన ప్రాంతంలో ఇది అరుదైన కథేమీ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. అవసరం లేకుండానే జరిగిన ఆపరేషన్లు వీటిలో ఎన్నో అన్న సంగతి వేరే చర్చ.

అతుకులూ మెలికలూ బయటినుంచి నెట్టే గొట్టాన్ని ఆపగలవు గానీ, పేగు తన కదలికతోనే ముందుకు పంపే మాత్రను సాధారణంగా ఆపలేవు. ఇజ్రాయెల్ సంస్థ గివెన్ ఇమేజింగ్ చిన్నపేగు కోసం చేసిన క్యాప్సూల్‌కు 2001లో అమెరికాలో మందులకూ వైద్య పరికరాలకూ అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. పెద్దపేగు కోసం చేసిన పిల్‌క్యామ్ కొలన్‌కు 2014లో అనుమతినిస్తూ, పేగు తగినంత శుభ్రపడినా గొట్టం చివరిదాకా చేరలేకపోయినవారికి అని ఎఫ్‌డీఏ స్పష్టంగా గిరి గీసింది. ఈ షరతులోనే అసలు విషయమంతా ఉంది. శుభ్రత చాలక ఆగిన పరీక్షకు పరిష్కారం మళ్లీ శుభ్రం చేసి గొట్టమే వేయడం. గడ్డ వల్లో, పేగు ఇరుకైపోవడం వల్లో ఆగినవారికి క్యాప్సూల్ ఇస్తే అది అక్కడే చిక్కుకుపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఇవ్వరు.

ఈ క్యాప్సూల్ పొడవు మూడు సెంటీమీటర్లు దాటుతుంది, రెండు చివరలా రెండు కెమెరాలుంటాయి. నెమ్మదిగా కదులుతున్నప్పుడు సెకనుకు 4 చిత్రాలు, వేగం అందుకుంటే 35 దాకా తీసి, నడుముకు కట్టిన రికార్డరుకు పంపుతుంది. డబ్బాలోంచి తీయగానే లైట్లు వెలిగి ఆరుతుంటాయి. నోట్లో మిణుగురును పెట్టుకున్నట్టుందని అత్తయ్య నవ్వుతూనే మింగారు. బ్యాటరీ దాదాపు పది గంటలు వస్తుంది. అప్పటికి అది బయటికి రాకపోయినా ఇలాంటివారి విషయంలో పెద్ద నష్టం ఉండదు, ఎందుకంటే క్యాప్సూల్ ముందుగా చూసేది గొట్టం చేరలేని కుడివైపునే. ఎడమవైపు గొట్టంతో చూసేశారు కదా. నాకు బాగా నచ్చిన అంశం ఇదే.

కష్టమంతా శుభ్రం చేసుకోవడంలో ఉంది. మామూలు కొలనోస్కోపీలో మిగిలిపోయిన నీళ్లను డాక్టరు గొట్టంతో పీల్చేయగలరు, కడగగలరు. క్యాప్సూల్‌కు ఆ వీలు లేదు. అందుకే విరేచనాల ద్రావణాన్ని ముందురోజు రాత్రి, మర్నాడు పొద్దున రెండు విడతలుగా తాగించి, క్యాప్సూల్ జీర్ణాశయం దాటాక దాన్ని ముందుకు నెట్టడానికి ఇంకో మోతాదు ఇస్తారు. దీనికి చాలాచోట్ల వాడే సోడియం ఫాస్ఫేట్ మూత్రపిండాల జబ్బున్నవారికి మంచిది కాదు. అత్తయ్య బీపీ మాత్రలు వాడతారు కాబట్టి మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూశాకే ఏ ద్రావణమన్నది తేల్చారు.

క్యాప్సూల్‌కు ప్రత్యామ్నాయం సీటీ కొలనోగ్రఫీ, అంటే సీటీ స్కాన్‌తో పెద్దపేగును చూడటం; మనకు అదే సులువుగా దొరుకుతుంది, ఖర్చూ తక్కువ. అయితే అసంపూర్తి కొలనోస్కోపీ అయిన వందమంది మీద ఇటలీలో చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, 6 మిల్లీమీటర్లు అంతకు మించిన పాలిప్‌లు (పేగు లోపలి గోడ మీద పెరిగే బుడిపెలు) క్యాప్సూల్‌తో 24.5 శాతం మందిలో, సీటీతో 12.2 శాతం మందిలో బయటపడ్డాయి. చదునుగా ఉండే పాలిప్‌లు సీటీలో తేలిగ్గా తప్పించుకుంటాయి. కానీ క్యాప్సూల్ చూడగలదే తప్ప తీయలేదు, ముక్క తీసి బయాప్సీకీ పంపలేదు. ఏదైనా కనిపిస్తే, బెలూన్ అమర్చిన గొట్టంతోనో సన్నటి గొట్టంతోనో, అనుభవమున్నచోట మళ్లీ ప్రయత్నించాల్సిందే. ఈ మాట ముందే చెప్పకుండా క్యాప్సూల్‌ను నొప్పిలేని కొలనోస్కోపీగా అమ్మడం నాకు నచ్చదు.

అత్తయ్యకు కుడివైపు ఏమీ కనిపించలేదు. క్యాప్సూల్ బయటికి వచ్చేసిందని నిర్ధారణ అయ్యేదాకా ఎమ్మారై జోలికి పోకూడదన్నారు కాబట్టి, ఆ వారంలోనే ఉన్న ఆవిడ మోకాలి స్కాన్‌ను వాయిదా వేయించాం.