అప్పు తిరిగి ఇవ్వాలి కదా!

నిన్న సాయంత్రం మూడో తరగతి లెక్కల పుస్తకాలు దిద్దుతున్నాను. 52 లోంచి 27 తీసేస్తే 35 అని రాసింది ఒక పాప. 64 లోంచి 38 తీసేస్తే 34. ఎర్ర పెన్నుతో రెండు ఇంటూలు కొట్టేశాక మూడో లెక్క దగ్గర చెయ్యి ఆగింది. పాప తోచినట్టు రాయలేదు. ప్రతి స్థానంలోనూ పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తోంది. తప్పే, కానీ ఎంత క్రమశిక్షణ గల తప్పు!

ఈరోజు పక్కన కూర్చోబెట్టుకుని, "పదుల స్థానం నుంచి అప్పు ఎందుకు తీసుకోలేదమ్మా?" అని అడిగాను.

"అప్పు తీసుకుంటే తిరిగి ఇవ్వాలి కదా టీచర్. మీరు ఎప్పుడూ ఇవ్వరు."

నవ్వు వచ్చింది, తర్వాత సిగ్గేసింది. ఇన్నేళ్లుగా బోర్డు మీద ఆ మాట వాడుతున్నాను. అప్పంటే ఏమిటో ఈ పిల్లలకు నాకంటే బాగా తెలుసని ఒక్కసారీ తోచలేదు.

బీఎడ్‌లో అమెరికన్ విద్యావేత్త జాన్ డ్యూయీ చెప్పిన "చేస్తూ నేర్చుకోవడం" గురించి పది మార్కుల జవాబు రాశాను, బట్టీ పట్టి! ఈరోజు చీపురుపుల్లలు పదేసి చొప్పున రబ్బరుబ్యాండ్లతో కట్టి పాప ముందు పెట్టాను. ఐదు కట్టలు, రెండు విడి పుల్లలు. ఏడు ఇమ్మంటే కాసేపు చూసి, తనే ఒక కట్ట విప్పింది.

"ఇది అప్పు కాదు టీచర్, చిల్లర మార్చడం" అంది.

రేపటి నుంచి బోర్డు మీద ఆ మాటే వాడతాను.