సర్పి, అమ్మతల్లి, మా అవ్వ

పోయిన ఎండాకాలం నాకు సర్పి లేచింది, ఇంగ్లీషులో షింగిల్స్ అంటారు. మొదట సర్పి అని తెలియలేదు. ఎడమవైపు పక్కటెముకల మీద నుంచి వీపు దాకా ఒకటే మంట, సూదులు గుచ్చినట్టు పోట్లు, జాకెట్టు గుడ్డ తగిలినా ఓర్చుకోలేకపోయేదాన్ని. ఎడమవైపు కదా, ఇంట్లో అందరి అనుమానం గుండె మీదికే పోయింది. టెన్షన్‌తో పరుగెత్తి ఈసీజీ తీయిస్తే బాగానే ఉంది, గ్యాస్ అయ్యుంటుందన్నారు. ఆ తర్వాత అదే వరుసలో ఎర్రటి దద్దులు, వాటి మీద గుత్తులు గుత్తులుగా నీటి పొక్కులు. చర్మం డాక్టరమ్మ చూడగానే అడిగిన మొదటి మాట, "చిన్నప్పుడు మీకు అమ్మవారు పోసిందా?"

పోసింది. కోయిల్‌కొండ దగ్గర మా ఊళ్లో, 1980ల్లో, మూడో తరగతిలో ఉండగా. అమ్మవారు, అంటే చికెన్‌పాక్స్, తగ్గినా ఆ వైరస్ ఒంట్లోంచి పోదట, వెన్ను పక్కన నరాల మొదళ్లలో ఏళ్ల తరబడి పడుకుని ఉండి, వయసు పైబడ్డప్పుడో ఒంట్లో సత్తువ తగ్గినప్పుడో ఒక నరం పట్టుకుని బయటికొస్తుందట. మా అవ్వ పోయింది, ఆ మట్టి ఇల్లు కూలిపోయింది, అక్కడ నా ఒంట్లో దూరిన పురుగు మాత్రం నాతోపాటు హైదరాబాద్ వచ్చి ఇన్నేళ్లు కాపురం చేసింది!

అప్పుడు మా అమ్మానాన్న బొంబాయిలో ఉన్నారు. పాలమూరు వలస అంటే పేపర్లో చదివేవాళ్లకు వార్త, మాకు ఇంటి సంగతి. మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకోవడం, పిల్లల్ని ముసలోళ్ల దగ్గర వదిలి బొంబాయి బస్సెక్కడం, మళ్లీ పీర్ల పండక్కి రావడం. నాకు జ్వరం వచ్చి ఒళ్లంతా పొక్కులు లేస్తే అవ్వ గడపకు వేపమండలు కట్టి, నులక మంచం మీద తన పాత చీర పరిచి, దాని మీద వేపాకు పోసి పడుకోబెట్టింది. ఇంట్లో తాలింపు బంద్. జొన్న గట్క, చల్ల, అంతే. దురదకు నేను విసుక్కుంటే "అట్లనకు బిడ్డా, తల్లి వింటది" అనేది. కలుపు తీసి, కొడవలి పట్టి గరుకు తేలిన అరచేతులు ఆమెవి, తగిలితే పొక్కులు చిట్లుతాయని చేయి ఆనించేది కాదు, వేపరెబ్బతోనే మెడ నుంచి కాళ్ల దాకా మెల్లగా నిమిరేది. పొద్దున గంగాళంలో నీళ్లు నింపి పసుపు, వేపాకు వేసి ఎండలో పెడితే మధ్యాహ్నానికి నులివెచ్చనయ్యేవి. ఆ నీళ్లతో స్నానం చేయించి, పోచమ్మకు శాక పోసి వచ్చింది.

బొంబాయికి ఉత్తరం మాత్రం రాయనివ్వలేదు. తెలిస్తే మా అమ్మ పని విడిచి వచ్చేస్తుంది, అడ్వాన్సు పైసలు మీద పడతాయని. పీర్ల పండక్కి వచ్చినప్పుడు నా నుదుటి మీద మచ్చ చూసింది అమ్మ. అత్తను ఒక్క మాట అనలేదు, బిందె తీసుకుని బాయికి పోయి చాలాసేపటికి గానీ రాలేదు.

ఈసారి మాత్రం ఫోన్ చేసిన మర్నాడే అమ్మ సంచి నిండా వేపాకు, పూయడానికి పొట్లంలో జాజు (ఎర్రమట్టి) పట్టుకుని దిగింది. సర్పి నడుం చుట్టూ తిరిగి తల, తోక కలిస్తే మనిషి దక్కదని ఆమె భయం. ఇది ఒక నరం వెంట ఒకవైపే వస్తుంది, చుట్టుకోదు, జాజు పూయొద్దు అని డాక్టరమ్మ చెబితే ఆ పూట అలిగింది. అయినా రోజుకు ఐదుసార్లు వేసుకోవాల్సిన మాత్రలు ఒక్కటి తప్పనివ్వలేదు. పొక్కుల నీళ్లు తగిలితే ఇదివరకు అమ్మవారు పోయని వాళ్లకు అది వస్తుందట, అమ్మకు చిన్నప్పుడే పోసింది కాబట్టి ఆ భయం లేదు. అన్నీ తినొచ్చని డాక్టరమ్మ అన్నా మా ఇంట్లో మాత్రం తాలింపు బంద్, మా ఆయన పాపం నోరెత్తలేదు.

మూడు రోజుల లోపు మందు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుందట. ఒకవైపే మంట, పొక్కులు కనబడితే మంత్రాలనీ పూతలనీ ఆగకండి. యాభై దాటినవాళ్లకు టీకా కూడా ఉంది. నాకు పొక్కులు తొందరగానే ఎండి చెక్కులు రాలాయి, నరం మంట మాత్రం వానలు పడేదాకా వదల్లేదు, దానికి రాత్రిపూట వేరే మాత్ర. నిద్ర పట్టని రాత్రుళ్లు అమ్మ పక్కన కూర్చుని అప్పటి సంగతులే అడిగేది, జ్వరం ఎంతొచ్చింది, అవ్వ ఏం తినిపించింది, నా కోసం ఏడ్చినవా అని. ఏడ్చిన అన్నాను. "మరి అత్త చెప్పనే లేదు" అంది, ఇన్నేళ్ల తర్వాత కూడా కోపంగానే.