పర్లాకిమిడిలో అమ్మమ్మ పుట్టిల్లు

శ్రీకాకుళం జిల్లా పాతపట్నం నుంచి ఒరిస్సాలోని పర్లాకిమిడి ఎంత దూరమని! అయినా ఆటోవాడు "అవతల రాష్ట్రం కదండీ" అని డబుల్ అడిగాడు. బస్సు కోసం చూసే ఓపిక లేక తిట్టుకుంటూనే ఎక్కాను.

వెళ్లింది రాజావారి ప్యాలెస్ చూద్దామని. బయటి నుంచి చూసి, ఎండకి తాళలేక అమ్మమ్మ పుట్టింటికి చేరాను. ఇక సాయంత్రం దాకా కదిలితే ఒట్టు.

వీధిలోంచి చూస్తే ఏముంది, ఇరుకు అరుగు, రెండు స్తంభాలు. లోపలికి నడిస్తే గది వెనక గది, మండువా, వంటిల్లు, నుయ్యి, ఆఖర్న వెనక వీధి. మా హైదరాబాద్ ఫ్లాట్ ఆ మండువాలో పట్టేస్తుంది. పెళ్లయ్యాక అమ్మమ్మ ఈ గుమ్మం దిగే నౌపడా వెళ్లే చిన్నబండి ఎక్కిందట. అది 1900లో రాజావారు వేయించిన నేరోగేజ్ లైను. 2004లో ఆ బండి ఆగిపోయింది, తర్వాత పెద్ద లైను వేశారు.

మావయ్య రేకుపెట్టె తెచ్చి కాగితాలు పరిచాడు. పాత దస్తావేజు తెలుగులో ఉంది, 'గంజాం జిల్లా' అని. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడింది. ఆ తర్వాత కొన్నాళ్లకి రసీదుల్లోకి ఒడియా వచ్చేసింది. 1992లో జిల్లా కూడా మారి గజపతి అయింది.

ఊరు ఒరిస్సాలో కలిసిందని గిడుగు రామమూర్తి పంతులుగారు రాజమండ్రి వెళ్లిపోయారు కదా, మరి మీ తాతగారు ఎందుకు ఉండిపోయారని అడిగాను. పుట్టినగడ్డ మీద మమకారం అంటాడనుకున్నా.

"మమకారం ఏటి అల్లుడూ! ఇల్లు సగం రేటుకి అడిగారట. అమ్మబుద్ధి కాక ఉండిపోయాడు."

మావయ్య గొడవంతా ఇప్పుడు పైకప్పు గురించి. రిపేరుకి లోనడిగితే బ్యాంకువాళ్లు దస్తావేజుకి ఒడియా తర్జుమా తెమ్మన్నారు. మనవడికి తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం రాదు. బడిలో ఒడియానే కదా.

"పాతపట్నంలో ఓ దస్తావేజు లేఖరి ఉన్నాడు. ఈ గొలుసుకట్టు రాత చదువుతాడు గానీ ఒడియా రాదు. ఇక్కడి లాయరుకి ఒడియా వచ్చు, తెలుగు అక్షరం తెలీదు. ఇద్దర్నీ ఓచోట కూర్చోబెట్టాలి. ఇద్దరికీ ఫీజే!" అన్నాడు మావయ్య, కాగితాలు మళ్లీ పెట్టెలో సర్దుతూ.