కోరి కోయించుకున్న నొప్పి

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నానని తెలిస్తే అందరూ అడిగేది ఒకటే, "ఎన్ని కిలోలు తగ్గావు?" అని. నొప్పి సంగతి ఎవరూ అడగరు. చెప్పాలని నా కడుపులో చాలా ఉంది. అసలే ఇప్పుడు అది చిన్న కడుపు.

నాకు చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. చిన్న రంధ్రాల్లోంచి పరికరాలు పంపి జీర్ణాశయంలో దాదాపు 80 శాతం తీసేస్తారు, మిగిలినదాన్ని స్టేపుల్స్‌తో మూసేస్తారు. షుగరు, మోకాళ్లు, గురక, నాకు కారణాలకు కొదవ లేదు. గుంటూరు నుంచి హైదరాబాద్ వెళ్లాం, పరీక్షలు, సంతకాలు, ఆపరేషన్ అన్నీ సజావుగా అయ్యాయి.

ఆ రాత్రి మాత్రం మర్చిపోలేను. కోతల దగ్గర మంట ఓర్చుకునేలాగే ఉంది. అర్ధరాత్రి దాటాక ఎడమ భుజం మీద, మెడకు దగ్గరగా, మేకు దిగ్గొట్టినట్టు నొప్పి మొదలైంది. ఊపిరి పీలిస్తే ఇంకా లోతుకి దిగుతోంది. కోసింది పొట్ట, నొప్పి భుజంలో! గుండెపోటే అనుకున్నాను. మా నాన్న అలాగే పోయారు, ఆయనకూ ముందు ఎడమ చెయ్యే లాగింది. అమ్మ బెల్ నొక్కింది. వచ్చిన డ్యూటీ డాక్టర్ ఫైలు చూశాడు, నన్ను చూశాడు. "కోరి కోయించుకున్నారు కదమ్మా, కాస్త ఓర్చుకోవాలి" అని వెళ్లిపోయాడు. నాడి కూడా పట్టుకోలేదు.

అపెండిక్స్ తీయించుకున్న మనిషితో ఆ మాట అంటాడా? లావుగా ఉన్నవాళ్లకు నొప్పి వస్తే శిక్ష కింద జమ. తిన్నావుగా, అనుభవించు!

నన్ను ఆదుకుంది నైట్ డ్యూటీ సిస్టర్, ఖమ్మం పిల్ల. నాడి, బీపీ, ఆక్సిజన్ చూసింది. పెద్ద డాక్టరుకు ఫోన్ చేసి ఈసీజీ తీయించింది. అన్నీ బాగున్నాయని తేలాక అప్పుడు చెప్పింది. ఆపరేషన్‌లో పొట్ట ఉబ్బడానికి కార్బన్ డయాక్సైడ్ నింపుతారట. మిగిలిపోయిన కొంచెం గ్యాసు డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) కింద చేరి అక్కడి నరాన్ని రేపుతుందట. ఆ నరం మెడలోంచి వస్తుంది కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుంది. "లేవండక్కా, మెల్లగా నడుద్దాం" అంది. కాళ్లకు బిగుతు మేజోళ్లు, చేతికి సెలైన్, పక్కన కిర్రుమనే స్టాండు. దగ్గొస్తే పొట్టకు అదుముకోవడానికి అమ్మ చేతిలో దిండు. వరండా చివర వెంకటేశ్వరస్వామి పటం దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ అమ్మ ఆగి దణ్ణం పెట్టేది. తెల్లారేసరికి నొప్పి సగానికి దిగింది.

సర్జన్‌గారి చేతికి నేను మొక్కుతాను, స్టేపుల్స్ వేసిన చోట లీకు లేకుండా అంత బాగా చేశారు. కానీ భుజం నొప్పి గురించి ముందే ఒక్క ముక్క చెబితే ఏం పోయింది?

ఇంటికొచ్చాక ఇంకో తంతు. మా ఆడపడుచు ప్రేమగా మోకాళ్ల మాత్ర తీసిచ్చింది, డైక్లోఫెనాక్. వద్దంటే "మేమంతా వేసుకోవట్లేదా వదినా" అని మూతి ముడుచుకుంది. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి జీర్ణాశయంలో పుండ్లు తెస్తాయి. నాకు రాసింది పారాసెటమాల్, అదీ సిరప్, దాంతోపాటు ఎసిడిటీ మాత్ర. ఆసుపత్రిలో నొప్పికి ట్రమడాల్ అనే మందు ఇస్తే వాంతి వచ్చింది, కుట్లు ఏమవుతాయోనని ప్రాణం పోయింది. మీరు అడిగితేనే మందు మారుస్తారు, మొహమాటపడకండి.

నీళ్లు కూడా మందు కప్పుతో, ఒక్కోసారి 30 మి.లీ., చప్పరిస్తూ తాగాలి. గుక్క పెద్దదైతే రొమ్ము ఎముక వెనక పట్టేస్తుంది. దానికి మందు లేదు, ఆగితే పోతుంది. కానీ రోజురోజుకీ తగ్గాల్సిన నొప్పి పెరుగుతుంటే, జ్వరం వస్తే, గుండె నిమిషానికి 120 దాటి కొట్టుకుంటూనే ఉంటే, ఆయాసం వస్తే తెల్లారేదాకా ఆగొద్దు. అది లీకు కావచ్చు. ఎవరు ఏమన్నా సరే, వెంటనే ఆసుపత్రికి పొండి.

అమ్మ మొక్కు ప్రకారం మంగళగిరి పానకాల స్వామి దగ్గరకు వెళ్లాం. పోసిన పానకంలో సగం తాగి సగం వదిలే స్వామి. నేను నాలుక తడుపుకున్నాను, బెల్లం నీళ్లు ఎక్కువైతే నాకు దడ. "ఆయనకే సగం చాలు, నీకెందుకు?" అంది అమ్మ. ఆ మెట్లు మోకాళ్ల మీద చేతులు పెట్టకుండా ఎక్కాను, అది స్వామి దయే అనుకుంటాను.

చెకప్‌కి వెళ్లినప్పుడు ఆ సిస్టర్ కోసం అడిగాను. వేరే చోటికి మారిందట. డ్యూటీ డాక్టర్ మీద ఫిర్యాదు రాసిచ్చాను. "మీ సూచనకు ధన్యవాదాలు" అని మెసేజ్ వచ్చింది. నేనిచ్చింది సూచన కాదు. వచ్చే నెల మళ్లీ వెళ్తాను, ఈసారి నేరుగా మాట్లాడతాను.